సాసర్‌లో ఆటుపోట్లు

హూజుం రేవులో, మేడ మీది గదిలో
మా కైకె అత్త ఊపిరి బిగబట్టి పనిచేసేది.
నా ఉద్యోగం మెట్ల మీద కూర్చోవడం.
బీరు పీపాల బండి సందు మొదట్లో కనబడగానే
"బండీ!" అని అరవాలి.
ఆమె పంది వెంట్రుకను పైకెత్తి ఆగిపోయేది.
గిట్టల చప్పుడు దాటిపోయాక,
ఇంటి గోడలు మళ్లీ కుదురుకున్నాక
గాజుపలక మీద ఒక డయాటమ్‌ను జరిపేది,
వెంట్రుకవాసి.

ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణం.
నీటిలో కరిగిన ఇసుకను తాగి
తనకు తానే గాజు ఇల్లు కట్టుకున్న ప్రాణి.
పడవలు, చక్రాలు, కొడవళ్లు, మూడుమూలల టోపీలు.
కొన్ని పెరూ నుంచి ఎరువుగా ఓడెక్కిన
పక్షిరెట్టలోంచి ఏరినవి.
"చేప తింది, చేపను పిట్ట తింది,
పిట్ట వదిలింది, నేను ఆసిడ్‌లో మరగబెట్టాను.
అయినా చూడు, ఒక్క గీత చెరగలేదు"
అనేది, గిన్నె తోమి బోర్లించినంత మామూలుగా.

లండన్ ఆసామికి నూట నలభై కణాలతో ఒక పువ్వు కావాలి.
నూట ముప్పై ఆరోదాని దగ్గర నాకు తుమ్మొచ్చింది.
మెట్ల మీద నుంచే.
ఆమె నన్నేమీ అనలేదు.
ఆ రాత్రి బఠాణీ సూప్‌లో మాత్రం ఉప్పు వెయ్యలేదు.

నాకు పదకొండో ఏడు వచ్చేసరికి
ఆమె కుడికంట్లోకి పొగమంచు దిగింది.
చెయ్యి వణకలేదు. చూపే వెళ్లిపోయింది.
"టాడె, ఆటు వేళకు వెళ్లి
బురద మీద గోధుమరంగు తేలిన చోట
ఒక చెంచాడు తీసుకురా."

సాసర్‌లో పోసి కిటికీలో పెట్టాను.
ఒక చుక్క కటకం కిందికి.
"ఏముంది?"
"కదులుతున్నాయి."
"కదిలేది నీళ్లు. సరిగ్గా చూడు."
"కాదత్తా. కాళ్లు లేవు, తెడ్లు లేవు,
తీరిగ్గా జారిపోతున్నాయి.
ఒకటి ఇసుకరేణువుకు గుద్దుకుని
కాసేపు ఆగి, వెనక్కొచ్చింది."
ముప్పై ఏళ్లుగా వాటి ఖాళీ ఇళ్లనే సర్దిన మనిషి
చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత అడుగుతూనే పోయింది.
ఒళ్లంతా నూగున్న చెప్పు అడుగొకటి
గింగిరాలు తిరుగుతూ పరుగెడుతోంది.
పచ్చనిది ఒకటి, ఎర్రచుక్క కంటితో వెలుగు వెతుక్కుంటోంది.
ఆకారమే నిలవనిది ఇంకొకటి,
కాలు కావాలంటే కాలు మొలిపించుకుని
ఒక గాజుపడవను చుట్టేసి, నోరు లేకుండానే మింగింది.
"మింగాక గాజును ఏం చేసింది?"
"ఉమ్మేసింది."
అత్త నవ్వింది. "అయితే అదీ నా వృత్తిలోదే."

అప్పుడే బొత్తాల డబ్బా తీసి చూపించింది.
"ఇది మూత, ఇది అడుగు.
రెండుగా చీలేటప్పుడు చెరో సగం పట్టుకుపోతాయి.
దక్కిన సగాన్ని మూత చేసుకుని
లోపల కొత్త అడుగు కట్టుకుంటాయి.
అంటే, అడుగు వంతుకొచ్చినదాని ఇల్లు
ఎప్పుడూ తల్లి ఇంటికన్నా ఇరుకు.
దాని బిడ్డది ఇంకా ఇరుకు."
"చివరికి?"
"చివరికి ఇంకొకదానితో జతకలిసి
గాజంతా విదిలించుకుంటుంది.
ఒట్టి మెత్తని ముద్దగా ఉబ్బి,
ముత్తవ్వ అంత పెద్దదై,
మళ్లీ మొదటినుంచి కట్టుకుంటుంది."
డబ్బాకు మూత పెట్టడం మరిచిపోయింది.

సాసర్ సంగతి ఇద్దరం మరిచాం.
మర్నాడు, గట్టు అవతల సముద్రం వెనక్కి తగ్గాక
కిటికీలో బురద బంగారంలా మెరిసింది.
అల లేదు, ఉప్పుగాలి లేదు.
పోటు వేళకు మళ్లీ బూడిదరంగు.
మా గోడ గడియారానికి అంత నిజాయితీ లేదు.
అత్త వంగి, ఎడమకంటితో,
ఏ కటకమూ లేకుండా చూసింది
లక్షల ప్రాణాలు ఒకేసారి పైకొచ్చిన రంగును.

మూడో రోజు లెక్క తప్పింది.
ఆటు వచ్చింది, బురద లేవలేదు.
"తీసుకెళ్లిపో" అంది.

సందులో బీరు బండి ఎదురైంది.
అలవాటుగా "బండీ!" అని అరిచాను.
బండివాడు కంగారుపడి కళ్లెం లాగాడు.
గుర్రం ముందు నుంచి సాసర్ పట్టుకుని దాటాను,
ఊపిరి బిగబట్టి.